ఏసీలో గ్యాస్ అయిపోయిందా? ఆర్-32 నింపించే ముందు ఇవి తెలుసుకోండి!

హైదరాబాద్: ఎండలు ముదిరితే చాలు.. అమీర్‌పేట హాస్టళ్లలో, పంజాగుట్ట షాపుల్లో ఒకటే మాట, ‘ఏసీలో గ్యాస్ అయిపోయింది’ అని. నిజానికి ఆ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకవుతున్నట్టే. ముందు లీక్ ఆపించండి, తర్వాతే నింపించండి.

కొత్త ఏసీల్లో ఎక్కువగా వాడేది ఆర్-32, అంటే డైఫ్లోరోమీథేన్. రంగు ఉండదు, మైనస్ 52 డిగ్రీలకే మరుగుతుంది. పాత ఆర్-22లా ఓజోన్‌ను దెబ్బతీయదు. కానీ కొద్దిగా మండే గుణం ఉంది. గాలి కంటే బరువు కాబట్టి ఇరుకు గదుల్లో నేల దగ్గర పేరుకుంటుంది. మంట తగిలితే విషపూరితమైన హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది.

అందుకే గ్యాస్ నింపేటప్పుడు తలుపులు, కిటికీలు తెరవండి. స్టవ్, సిగరెట్, అగరుబత్తి వద్దు. పాత ఆర్-22 ఏసీలో ఆర్-32 అస్సలు నింపనివ్వొద్దు, దీని ప్రెషర్ చాలా ఎక్కువ. మీ ఏసీకి ఏ గ్యాసో అవుట్‌డోర్ యూనిట్ స్టిక్కర్‌పైనే ఉంటుంది, చూసుకోండి.