గుప్పెడు గింజల పండగ

మిషనరీల చరిత్రలో మావోళ్ళు ఎక్కువగా అంకెల్లోనే కనపడతారు. 1876-78 కరువులో డొక్కలెండిన మాదిగలు బకింగ్‌హాం కాలవ తవ్వారు. ఆ పనికి ఒంగోలు క్లౌ దొర కాంట్రాక్టు పట్టాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూటికోసం కలిశారని తేలిగ్గా అనేస్తారు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ అంతకు పుష్కరం ముందే, 1866లో కలిశాడు. అప్పటికి ఆ కరువు లేదు.

ఏట్లో మునిగి లేచిన ఆడోళ్ళు ఇంటికెళ్ళి ఎట్లా బతికారో ఆ అంకె చెప్పదు. మా అమ్మని చూస్తే తెలుస్తది. ఆమె పండగలు పొలాన్ని బట్టి నడిచేవి. వరికోత కూలిగింజలు ఇంటికొస్తేనే క్రిస్మస్‌కి గోడలకు సున్నం, మాకు కొత్తగుడ్డలు. శ్రమదినాలు ఎండలతో పాటే వచ్చేవి. పనుల్లేక గంజే గతి, ఉపవాసం వేరే చెయ్యక్కర్లేదు. ముసురు పట్టేలోపు ఇల్లు కప్పుకోవాలి. కోతపండక్కి గుడికి మోసిన గింజలూ సొంతచేలో పండినవి కావు. పూటపూటా ఎసట్లో పోసేముందు గుప్పెడు తీసి కుండలో దాచినవి.

ఏసుని నమ్మినోళ్ళు షెడ్యూల్డు కులం కాదంది 1950 రాష్ట్రపతి ఉత్తర్వు. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ తలుపు తీశారు. మాకు తియ్యలేదు, బీసీ-సి అని 1 శాతంలో పెట్టారు. సర్కారు కాయితం మీద పోయిన కులం ఊరబావి దగ్గర మా అమ్మకి పోలేదు.

2,222 వెనక ఎన్నో పొయ్యిలున్నాయి. మన అమ్మల్నీ నాయనమ్మల్నీ అడిగి రాసుకుందాం. వాళ్ళతో పాటే ఆ చరిత్ర మట్టిలో కలవకముందే.