నెల్లూరు తీర ఆర్థిక వ్యవస్థ

నెల్లూరు తీరం కావలి నుంచి పులికాట్ సరస్సు దాకా బంగాళాఖాతం వెంబడి సాగే ప్రాంతం. 2022 జిల్లాల పునర్విభజనలో సూళ్లూరుపేట వైపు భాగం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. వర్ధమాన దేశంలో మొదట వ్యవసాయం, ఆపై పరిశ్రమ, చివరికి సేవలు వరసగా ఎదుగుతాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఇక్కడ అవి ఒకదాన్నొకటి ఆనుకుని, నేల కోసం, నీళ్ల కోసం పోటీ పడుతూ పెరిగాయి.

మొదటి ఆధారం వరి. సోమశిల జలాశయం, పెన్నా ఆనకట్టలు డెల్టాకు నీరిస్తాయి. మొలగొలుకుల బియ్యం నెల్లూరికి పేరు తెచ్చింది. ఇక పరిశ్రమ వైపు చూస్తే, 2008లో వ్యాపార కార్యకలాపాలు మొదలుపెట్టిన కృష్ణపట్నం రేవు బొగ్గు దిగుమతికి, దాంతో 800 మెగావాట్ల యూనిట్లున్న దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రానికి, వంటనూనె శుద్ధి కర్మాగారాలకు దారి వేసింది. వీటిలో పెట్టుబడి భారీగా ఉన్నా, ఆ స్థాయిలో కూలిపని దొరకదు.

ఎక్కువ చేతులకు పని చూపేది రొయ్య. 1990ల తొలినాళ్లలో టైగర్ రొయ్య కోసం వరి మళ్లు కూడా గుంటలయ్యాయి. కొన్నేళ్లకే తెల్లమచ్చ వైరస్ పంటను తుడిచిపెట్టింది. ఉప్పునీటి ఊట పక్క పొలాలనూ తాగునీటి బావులనూ పాడుచేస్తోందన్న ఫిర్యాదుల నడుమ 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత సాగుపై కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో తీర ఆక్వాకల్చర్ చట్టం వచ్చింది. 2009లో వనామీ అనే మరో రొయ్య జాతికి అనుమతి లభించాక సాగు మళ్లీ ఊపందుకుంది.

రైతు గుంటలో మేత పెట్టి దించిన చెక్‌ట్రే పైకి లేపి మేత ఎంత మిగిలిందో చూస్తాడు. దాన్నిబట్టి తర్వాతి మేత తగ్గిస్తాడు లేదా పెంచుతాడు. ధర కౌంట్‌ను బట్టి ఉంటుంది: కిలోకు వంద తూగే రొయ్య కన్నా ముప్పై తూగే రొయ్యకు ఎక్కువ పలుకుతుంది. గుంటలో ఉన్నంతవరకు ఆ రొయ్య జాతీయ లెక్కల్లో వ్యవసాయం. శుద్ధి ప్లాంటులో ఆడవాళ్లు తల తీసి, పొట్టు వలిచి, గడ్డకట్టించాక చేరిన విలువ పరిశ్రమది. లారీ బాడుగ, బ్యాంకు రుసుము, రేవు రుసుము సేవల పద్దులో పడతాయి. అందుకే వ్యవసాయం వాటా తగ్గిందన్న అంకె చూసి దాని ప్రాధాన్యం తగ్గిందనుకోవడం పొరపాటు.

2025 ఆగస్టులో ఈ రొయ్యలు కొనే అమెరికా భారత సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఈ గొలుసు ఎంత బిగువైనదో తెలిసింది. ఎగుమతిదారు ఆర్డరు తగ్గితే గుంట గట్టు మీద కొనుగోలు ధర పడిపోతుంది. రైతు కొత్త పిల్ల వదలడానికి జంకితే ఆ పిల్లను అమ్మే హేచరీకీ, మేత దుకాణానికీ, ఒలుపు పనికి వెళ్లే ఆడవాళ్లకూ బేరం, పని తగ్గుతాయి.