ప్రశ్న రోగిది, దావా ఎవరి మీద?

మా అవ్వను ఆస్పత్రికి పిలుచుకొని పోవాలంటే ఒక ప్లాస్టిక్ కవరు వెంట ఉండాల్సిందే. రక్తపరీక్ష రిపోర్టులు, ఎక్స్‌రేలు, పాత మందుల చీటీలు అన్నీ అందులోనే. మా బొమ్మనహళ్ళిలో ఇప్పుడు కొందరు రిపోర్టులు ఫోన్‌లోనే చూసుకుంటున్నారు, డాక్టరును అడగాల్సింది కూడా అందులోనే అడుగుతున్నారు. ఇంత మామూలు పని మీద అమెరికాలో ఏళ్ల తరబడి దావా నడిచిందంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు.

2006లో జార్జియా రాష్ట్రంలో మెకెసన్ అనే కంపెనీ ఎపిక్ అనే కంపెనీ మీద ఈ దావా వేసింది. రోగులు తమ రికార్డు చూసుకోవడానికి, డాక్టరుకు సందేశం పంపడానికి ఎపిక్ ‘మైచార్ట్’ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఆస్పత్రులకు ఇచ్చింది. రోగికీ డాక్టరుకూ మధ్య కంప్యూటర్ ద్వారా మాటలు నడిపే ఆ పద్ధతికి పేటెంటు తనదని మెకెసన్ వాదన. పేటెంటు అంటే, కొత్తది కనిపెట్టినవాళ్లకు ప్రభుత్వం కొన్నేళ్లపాటు ఇచ్చే హక్కు. వాళ్లను అడగకుండా ఇతరులు దాన్ని వాడకూడదు.

చిక్కు ఎక్కడంటే, ఆ పద్ధతిలో మొదటి మెట్టు రోగిది. సందేశం మొదలుపెట్టేది రోగే. మిగతా మెట్లు ఆస్పత్రివి. ఎపిక్ సాఫ్ట్‌వేర్ ఇచ్చిందే గాని తాను వాడలేదు. మరి పేటెంటును మీరింది ఎవరు? కాళ్ల నొప్పులని డాక్టరును అడిగిన ముసలామెనా?

2009లో కింది కోర్టు ఎపిక్ పక్షాన తీర్పు ఇచ్చింది. 2011లో అప్పీలు కోర్టు కూడా అదే అంది: రోగులు ఆస్పత్రి చెప్పినట్టు నడిచే మనుషులు కారు, ఇష్టముంటే వాడతారు, లేకుంటే లేదు. నాకు ఈ మాటే సబబనిపిస్తుంది. కానీ మెకెసన్ బాధ కూడా ఉత్తదేం కాదు. మెట్లను ఇద్దరికి పంచేస్తే తప్పించుకోవచ్చంటే ఇట్లాంటి పేటెంటు ఎట్లా నిలుస్తుంది? 2012 ఆగస్టు 31న అదే అప్పీలు కోర్టులో 11 మంది న్యాయమూర్తులు కూర్చుని, 6–5 తేడాతో పాత తీర్పును తిరగేశారు. మెట్లు వేర్వేరు మనుషులు ఎక్కినా, ఎక్కించినవాళ్ల మీద దావా నడవొచ్చన్నారు. అది కూడా నిలవలేదు. దీనితోపాటే విన్న అకమై, లైమ్‌లైట్ కంపెనీల కేసులో 2014 జూన్ 2న అమెరికా సుప్రీంకోర్టు ఆ సూత్రాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది.

మన 1970 పేటెంట్ల చట్టం 3(కె) ప్రకారం వట్టి కంప్యూటర్ ప్రోగ్రాంకు పేటెంటు లేదు. ఏది ‘వట్టి’ ప్రోగ్రాం అన్నదాని మీద మాత్రం మన కోర్టుల్లోనూ వాదనలు జరిగాయి.

2021 సెప్టెంబర్ 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో 14 అంకెల ఆభా నంబరు ఇస్తారు. రోగి ఒప్పుకుంటే వేర్వేరు ఆస్పత్రుల రికార్డులు దాని కింద చేరతాయి. మా నాయన అవ్వకు కూడా ఆ నంబరు చేయించినాడు. అవ్వ ఆ నంబరున్న కాగితాన్ని మడిచి ప్లాస్టిక్ కవర్లోనే పెట్టుకుంది.