గాదె యొకచోట, తాళపుచెవి యొకచోట



పూర్వము మన పల్లెలలో ధాన్యమును పాతరలలో దాచెడివారు. పాతర మన దొడ్డిలోనే యుండును. కాని ఒక్కొక్కప్పుడు దానిని తీయుటకు అప్పిచ్చిన షావుకారు సెలవు కావలసి వచ్చెడిది. అట్టి యెడల ఆ గింజలు మనవియే యని చెప్పుకొనుట మాటవరుసకే గదా! వస్తువు ఉన్న చోటు వేరు, దానిపై అధికారము వేరు. ఐరోపా ఖండమువారు తమ లెక్కలు, దస్తరముల విషయమున ఈ భేదమును గ్రహించుటకు చాల కాలము పట్టినది. ఆ చరిత్రనే నేను ఈ సాయంకాలము మీకు విన్నవింపదలచితిని.

నేడు వైద్యశాలల రోగుల వివరములును, పురపాలక సంఘముల పన్ను లెక్కలును, వర్తకుల చిట్టా ఆవర్జాలును కంప్యూటరులలో నున్నవి. ఎవరికి వారు ఆ యంత్రములను కొనుట తగ్గించి, పెద్ద కంపెనీల యంత్రశాలలలో చోటు అద్దెకు పుచ్చుకొనుట వాడుక యైనది. అమెరికాలోని అమెజాన్ కంపెనీ 2006లో ఈ అద్దె వ్యాపారమును ఆరంభించినది. పిమ్మట మైక్రోసాఫ్టు, గూగుల్ కంపెనీలు ప్రవేశించినవి. దీనికి క్లౌడు, అనగా మేఘము, అని పేరు. పేరు మేఘమే కాని, వస్తువు నేలమీది కట్టడమే. దానికి గోడలున్నవి, తలుపులున్నవి, యజమానియు నున్నాడు.

దస్తరము పరుల చేత చిక్కినచో ఏమగునో ఐరోపావారు ఒకమారు కన్నీటితో నేర్చికొనిరి. హాలెండు దేశమున ప్రజల పేరు, నివాసము, మతము వ్రాసియుంచిన పట్టికలు మిక్కిలి క్రమముగా నుండెడివి. పరిపాలనా సౌకర్యమునకై వ్రాసినవే అవి. 1940లో నాజీలు ఆ దేశము నాక్రమించిన పిమ్మట, యూదులను వెదకి పట్టుటకు ఆ పట్టికలే దారి చూపినవి. 1943 మార్చి 27వ తేది రాత్రి కొందరు దేశభక్తులు పోలీసు దుస్తులు ధరించి, ఆమ్‌స్టర్‌డామ్ నగరమందలి పట్టికల కార్యాలయములో ప్రవేశించి నిప్పు పెట్టిరి. కాలినది కొంత భాగమే. ఆ సాహసమునకై 12 మందిని నాజీలు కాల్చి చంపిరి. హాలెండులోని సుమారు 1,40,000 మంది యూదులలో లక్షకు పైగా హతులైరి. పట్టిక వ్రాసిన నాటి ఉద్దేశము చెడ్డది కాదు. కాని పట్టిక చేతులు మారినప్పుడు ఆ ఉద్దేశము దాని వెంట పోదు.

యుద్ధానంతరము 1970లో జర్మనీలోని హెస్సె రాష్ట్రము సమాచార రక్షణకై శాసనము చేసెను. ప్రపంచమున ఇట్టి శాసనములలో అదియే మొదటిది. 2018 మే 25వ తేది నుండి ఐరోపా సమాఖ్య యంతటికిని ఒకే రక్షణ చట్టము అమలులోనికి వచ్చెను. అయినను చట్టము ఐరోపావారిది, యంత్రశాలలలో పెక్కు అమెరికావారివి. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

2013లో ఎడ్వర్డు స్నోడెన్ అను నాతడు అమెరికా ప్రభుత్వపు రహస్య నిఘాను బయటపెట్టెను. ఆ సంవత్సరముననే మాక్స్ ష్రెమ్స్ అను ఆస్ట్రియా న్యాయశాస్త్ర విద్యార్థి, తన సమాచారమును ఫేస్‌బుక్ కంపెనీ అమెరికాకు చేరవేయుట తగదని ఫిర్యాదు చేసెను. ఆ వ్యాజ్యము లక్సెంబర్గులోని ఐరోపా న్యాయస్థానము వరకు పోయెను. సమాచారము నటునిటు పంపుటకు ఆధారముగా నుండిన 2000 నాటి ఏర్పాటును 2015లో ఆ న్యాయస్థానము కొట్టివేసెను. దాని స్థానమున 2016లో వచ్చిన రెండవ ఏర్పాటును కూడ 2020 జూలై 16న రద్దు చేసెను. 2023లో మూడవది వచ్చినది. ఒక విద్యార్థి పట్టుదల రెండు ఖండముల నడుమ కుదిరిన ఒడంబడికలను రెండుమారులు కదలించినది.

ఇంతలో మరియొక వ్యాజ్యము నడచెను. ఐర్లండులోని యంత్రశాలలో నున్న ఉత్తరములను చూపవలసినదని అమెరికా న్యాయస్థానము 2013లో మైక్రోసాఫ్టును ఆజ్ఞాపించెను. పరదేశమున నున్నవానిని చూపజాలమని ఆ కంపెనీ పోరాడెను. 2018లో అమెరికా శాసనసభ ఆ సందేహమును తీర్చివేసెను: అమెరికా కంపెనీ తన అధీనమందలి సమాచారమును ఏ దేశమున దాచినను, చట్టప్రకారము ఉత్తరువు వచ్చినచో చూపవలసినదే. 2025 జూన్‌లో ఫ్రెంచి సెనేటు సంఘము ఎదుట మైక్రోసాఫ్టు ప్రతినిధి ప్రమాణపూర్వకముగా సాక్ష్యమిచ్చుచు, ఫ్రెంచి ప్రభుత్వపు సమ్మతి లేక ఫ్రెంచి పౌరుల సమాచారము అమెరికా అధికారులకు చేరదని హామీ ఈయజాలననెను. అట్లు జరిగినది లేదనియు చెప్పెను. గాదె ఫ్రాన్సులో నున్నను, తాళపుచెవి యెచ్చటనున్నదో దీనివలన తెలిసినది.

ఐరోపావారికి సొంత యంత్రశాలలు లేకపోలేదు. ఫ్రాన్సున ఓవీహెచ్, స్కేల్‌వే. జర్మనీలో హెట్జ్‌నర్, అయోనాస్ మొదలగునవి కలవు. వానిలోనికి మారుట యెట్లు? చిన్న వైద్యశాలకు, చిన్న పురపాలక సంఘమునకు ఈ విద్య తెలియదు. మనము వ్యాజ్యమును ప్లీడరుకు అప్పగించినట్లు, వారు తమ యంత్ర వ్యవహారమును సేవాసంస్థల కప్పగింతురు. బరువంతయు ఆ సంస్థలదే.

నేర్పుగల సంస్థ మొదట ఇంటిలోని సామానుల జాబితా వ్రాయును. ఏది మిక్కిలి రహస్యము, ఏది సామాన్యము, ఏది ముందు కదలవలెనో ఏర్పరచును. పాత యజమాని యంత్రములలో తప్ప మరెచ్చటను పనిచేయని భాగములను గుర్తించి, వానికి బదులు అందరికిని అందుబాటులోనున్న బహిరంగ పద్ధతులను సమకూర్చును. కొంతకాలము పాత క్రొత్తలను రెండింటిని నడిపి, లెక్కలు సరిపోల్చి, పిదపనే పాతదానిని విడుచును. గుప్తలిపికి తాళపుచెవి ఖాతాదారునొద్దనే యుంచును. జర్మనీలోని ష్లెస్విగ్ హోల్‌స్టైన్ రాష్ట్రము ఇట్లే మెలమెల్లగా నడచి, 2025లో 40,000కు పైగా ఉత్తరపు పెట్టెలను మైక్రోసాఫ్టు ఏర్పాటునుండి బహిరంగ పద్ధతులలోనికి మార్చినది.

అట్లని స్వదేశపు గాదెయైనంత మాత్రమున భయము లేదని తలపరాదు. 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గు నగరమున ఓవీహెచ్ కట్టడమొకటి అగ్నికి ఆహుతియైనది. మరియొకచోట నకలు ఉంచుకొనని వారిలో పలువురు తమ సర్వస్వమును పోగొట్టుకొనిరి. నిప్పునకు స్వదేశ విదేశ భేదము లేదు. కావున నకలు వేరొక ఊరిలో నుండవలెను. దానిని తిరిగి తీసి చూచుట కూడ అభ్యసించవలెను.

ఐరోపా సమాఖ్య చేసిన మరియొక శాసనము 2025 సెప్టెంబరు 12 నుండి అమలులోనికి వచ్చెను. ఖాతాదారుడు వెడలదలచినచో కంపెనీ అడ్డగింపరాదు. రెండు మాసములకు మించిన నోటీసు కోరరాదు. 2027 జనవరి 12 నుండి మారుటకు రుసుము గూడ తీసికొనరాదు. నా అభిప్రాయమున, ఈ దీర్ఘ చరిత్రకు ఫలము ఇదియే. స్వాతంత్ర్యమనగా పరులతో బేరము మానుట కాదు. ఇష్టము లేనప్పుడు మన సొత్తు మనము తీసికొని లేచిపోగలుగుట.

మన తెలుగుబిడ్డలు వేలకొలది హైదరాబాదునందును, విదేశములందును ఇట్టి సేవాసంస్థలలో పనిచేయుచున్నారు. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు వారినడుగుడు: "నాయనా, నీవు కాపాడు లెక్కలు ఎవరివి? తాళపుచెవి ఎవరియొద్ద నున్నది?" ఆ ప్రశ్నకు తడుముకొనక బదులు చెప్పగలవాడు తన వృత్తిధర్మము నెరిగినవాడని నేను తలచెదను.