రాతినేలపై ధీమా

గ్రానైటుశిలపై వెలసిన హైదరాబాదునకు భూకంపభయము లేదను నమ్మకము మనలో చిరకాలముగా పాతుకొనియున్నది. కాని 1969 ఏప్రిల్ 13న భద్రాచలప్రాంతమును కుదిపిన 5.7 తీవ్రతగల కంపమును, 1983లో నగరపు చెంతనే మేడ్చల్ వద్ద పుట్టిన ప్రకంపనమును, 2024 డిసెంబరు 4న ములుగున జనించి ఇచటివారికిని తెలిసివచ్చిన అదురును ఆ నమ్మకమును సడలింపవలసినవే. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో, ఈ దక్కను పీఠభూమిపైననే, మట్టితో పేర్చిన బరువైన రాతిగోడలు భూకంపమునకు కూలి నిద్రించుచున్న వేలమందిని బలిగొన్నవి.

నగరములోని పంజాగుట్ట, అమీర్‌పేట సందులలో నడచునపుడు నాకు తలపునకు వచ్చునది 2001 జనవరి 26నాటి అహమ్మదాబాదు. ఆనాటి భుజ్ భూకంపకేంద్రమునకు రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరముననున్నను, క్రిందిభాగమును గోడలు లేక వాహనములకు విడిచి, స్తంభములపై నిలిపిన అపార్ట్‌మెంట్లు అచట అనేకము కుప్పగూలినవి. ఇచటి కట్టడములలోను పైన గోడల బరువు, క్రింద వట్టి స్తంభములే గదా! స్తంభపుకడ్డీలను చుట్టు రింగుల కొనలను 135 డిగ్రీలకు వంచి కాంక్రీటు గర్భమున నాటవలెనని 1993నాటి భారతీయ ప్రమాణము చెప్పినది. 90 డిగ్రీలకే వంచి విడిచిన రింగు, పైనున్న కాంక్రీటుపొర ఊడగనే విచ్చుకొనును. తక్కువ ముప్పుగల రెండవ భూకంపమండలమని మన నగరమున ఆ 135 డిగ్రీల నియమమును నిర్బంధము చేయకుండుట నాకు సమ్మతము కాదు. నిలిచియున్న భవనములకైనను, బండ్లకు అడ్డురాని తావులలో పునాదినుండి కాంక్రీటుగోడలు లేపి బలము చేకూర్పవచ్చును.