వాల్టర్ రీడ్‌లో ఆ రాత్రి

వాషింగ్టన్, 1956 జూన్ 8. అర్ధరాత్రి దాటింది. ఫొటోగ్రాఫర్ల సంఘం విందుకు వెళ్లొచ్చి పడుకున్న అమెరికా అధ్యక్షుడు డ్వైట్ ఐజన్‌హోవర్‌ను కడుపునొప్పి నిద్ర లేపింది. భార్య మేమీ వ్యక్తిగత వైద్యుడు హోవార్డ్ స్నైడర్‌కు ఫోన్ చేసింది. ఆయన పరుగున వచ్చాడు.

తొమ్మిది నెలలైనా కాలేదు, ఇలాంటి రాత్రే ఒకటి డెన్వర్‌లో గడిచింది. 1955 సెప్టెంబరు 24 అది. అధ్యక్షుడికి అజీర్తి చేసిందని ఆ ఉదయం పత్రికలకు చెప్పారు. తీరా చూస్తే గుండెపోటు. ఇప్పుడు నొప్పి నిజంగా కడుపులోనే ఉంది, కానీ వార్త విన్న ప్రతివాడికీ ముందు గుండే గుర్తొచ్చింది. న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కిందికి జారింది. నవంబరులో ఎన్నికలు.

మధ్యాహ్నం ఆయన్ను అంబులెన్సులో వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రికి తరలించారు. కడుపు ఉబ్బింది, వాంతులు. ఎక్స్‌రేలో చిన్నపేగు గాలితో నిండి కనిపించింది. ఎక్కడో దారి మూసుకుపోయింది. ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోని ద్రవం లాగుతున్నారు, రక్తనాళంలోకి సెలైన్ ఎక్కిస్తున్నారు. పొద్దుగూకినా పేగు తెరుచుకోలేదు.

ఆసుపత్రి అధిపతి మేజర్ జనరల్ లియొనార్డ్ హీటన్. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డ రోజున హవాయిలో గాయపడ్డ సైనికులకు ఆపరేషన్లు చేసిన సర్జన్. ఫిలడెల్ఫియా నుంచి ఐసిడోర్ రావ్‌డిన్ వచ్చాడు. రెండో ప్రపంచయుద్ధంలో మన అస్సాంలో, లీడో రోడ్డు పక్కన అమెరికన్ ఆసుపత్రిని నడిపింది ఈయనే. బ్రయన్ బ్లేడ్స్ అనే మరో పేరున్న సర్జన్, గుండె వైద్యులు కూడా చేరారు. గదిలో ఎవరు ఏమన్నారో నేను కల్పించబోవడం లేదు. ఈ సర్జన్లే ఎనిమిదేళ్ల తర్వాత, 1964లో, ఆ ఆపరేషన్ గురించి ‘యానల్స్ ఆఫ్ సర్జరీ’ పత్రికలో రాశారు. కథకు ఆ ఆధారం చాలు.

సమస్య ఇది. మూసుకున్న పేగును అలాగే వదిలేస్తే రక్తం అందక కుళ్లిపోవచ్చు. కోద్దామంటే రోగికి అరవై అయిదేళ్లు, గుండె కండరం మీద మచ్చ ఇంకా పచ్చిగానే ఉంది. మత్తు ఇచ్చాక గుండె ఆగితే దేశం ముందు నిలబడి ఏం చెప్పాలి? రాత్రి సాగుతోంది. ఆగేకొద్దీ ప్రమాదం పెరుగుతోంది. చివరికి తెల్లవారుజామున మూడు గంటల వేళ అధ్యక్షుడు బల్ల మీద ఉన్నాడు, కత్తి హీటన్ చేతిలో ఉంది.

పొట్ట తెరిచారు. చిన్నపేగు చివరి భాగం, అంటే పెద్దపేగులో కలిసే చోటికి ముందున్న ముప్పై నలభై సెంటీమీటర్ల మేర, గట్టిపడి మందమై ఉంది. దాని వెనుక పేగంతా ఉబ్బింది. ఏమిటిదని వెతుక్కోనక్కర్లేదు. మే నెలలో తీసిన ఎక్స్‌రేలోనే వ్యాధి బయటపడింది. 1932లో న్యూయార్క్ మౌంట్ సినాయ్ ఆసుపత్రిలో బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ పద్నాలుగు మంది రోగులను చూపి వర్ణించిన జబ్బు ఇదే. లోకం దాన్ని క్రోన్స్ వ్యాధి అంటోంది. ఆ రోగులకు ఆపరేషన్లు చేసిన సర్జన్ ఎ.ఎ. బెర్గ్ మాత్రం ఆ వ్యాసం మీద తన పేరు వద్దన్నాడు. మొదట్లో వాళ్లకు ఒక ఆశ ఉండేది: చెడ్డ పేగును కోసి తీసేస్తే జబ్బు పోతుందని. పోలేదు. కోసి, బాగున్న కొసలను కలిపి కుట్టిన చోటే, తరచుగా కుట్టుకు పైనున్న చిన్నపేగులో, మళ్లీ మంట మొదలవుతోందని ఏళ్లు గడిచే కొద్దీ తెలిసొచ్చింది.

కాబట్టి బల్ల చుట్టూ ఉన్నవాళ్ల ముందు రెండు దారులున్నాయి. ఒకటి, గట్టిపడ్డ పేగును కోసి తీసేయడం. ఆపరేషన్ పెద్దది, ఎక్కువసేపు పడుతుంది, రక్తం పోతుంది. రెండోది బైపాస్. చెడ్డ ముక్కను ఉన్నచోటే వదిలేసి, దానికి ముందున్న మంచి చిన్నపేగును అడ్డంగా సాగే పెద్దపేగుకు నేరుగా కలపడం. నలభైలలో, యాభైలలో ఇది అందరూ ఒప్పుకున్న పద్ధతే. పైగా ఈ గుండెకు తక్కువ సమయమే కావాలి. బైపాస్ చేశారు. రెండు గంటల లోపే పొట్ట మూసేశారు. బయట ఇంకా వెలుతురు పూర్తిగా రాలేదు.

పొద్దున్నే విలేకరుల ముందు కూర్చున్న హీటన్‌ను అడిగిన అసలు ప్రశ్న వైద్యం గురించి కాదు, పోటీ గురించి. మళ్లీ నిలబడగలడా? నిలబడొచ్చని ఆయన సూచించాడు. నాకు ఇందులో సైనికాధికారి ధైర్యం ఎక్కువ, సర్జన్ జాగ్రత్త తక్కువ కనిపిస్తాయి. కానీ ఆయన మాటే నిజమైంది. జూలై 10న పోటీలో ఉన్నానని అధ్యక్షుడు తేల్చి చెప్పాడు, నవంబరులో భారీగా గెలిచాడు. పదమూడేళ్ల తర్వాత, 1969 ఫిబ్రవరిలో, పేగు మళ్లీ మూసుకుంది. ఆపరేషన్ల తర్వాత పొట్టలో ఏర్పడే అతుకులు చుట్టుకుని బిగించాయి. అప్పుడూ కత్తి పట్టింది హీటనే. నెల తిరిగాక ఐజన్‌హోవర్ పోయాడు, గుండె జబ్బుతో.

అంత పెద్ద మనిషికి మేలు చేసినా బైపాస్ నిలబడలేదు. వదిలేసిన ముక్కలో జబ్బు సాగుతూనే ఉంది, కొందరిలో అక్కడే క్యాన్సర్ పుట్టింది. సర్జన్లు మళ్లీ కోసి తీయడానికే వచ్చారు. అయితే ఎంత కోయాలి? అంచున ఏ కాస్త మిగిలినా తిరిగొస్తుందనే భయంతో మంచి పేగును కూడా జానెడు కలిపి తీసినవాళ్లున్నారు. ఇలా రెండు మూడుసార్లు కోయించుకున్న రోగికి తిన్నది వంటబట్టేందుకు సరిపడా పేగు మిగలదు. ఈ భయాన్ని అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరీక్షకు పెట్టింది. విక్టర్ ఫాజియో బృందం రోగులను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి, ఒక గుంపుకు రెండు సెంటీమీటర్ల మంచి పేగు, మరో గుంపుకు పన్నెండు సెంటీమీటర్లు తీసింది. 1996లో వచ్చిన ఫలితం: తిరగబెట్టడంలో తేడా లేదు. ఎన్ని వేల మందికి ఎన్ని మీటర్ల పేగు ఊరికే పోయి ఉంటుందో అనిపిస్తుంది నాకు.

మరి ఎందుకు తిరగబెడుతోంది? బెల్జియంలోని లువెన్‌లో వైద్యుడు పాల్ రుట్‌గీర్ట్స్ కొలనోస్కోపీతో, అంటే పేగులోకి పంపే కెమెరా గొట్టంతో, కుట్టునే చూడడం మొదలుపెట్టాడు. ఆపరేషన్ అయిన ఏడాదిలోపే నలుగురిలో దాదాపు ముగ్గురికి కుట్టు దగ్గర పుండ్లు కనిపించాయి. వాళ్లలో చాలామందికి ఒంట్లో ఏ బాధా లేదు. ఆయన బృందమే 1991లో మరో సంగతి చూపింది. కుట్టు గుండా తిండి రసం వెళ్లకుండా పైనే మళ్లించినంత కాలం మంట రాదు, ప్రవాహాన్ని తిరిగి వదిలితే వస్తుంది. అంటే కుట్టు మీదుగా ఏది పారుతోంది, ఎంత ఇరుకులో పారుతోంది, అక్కడ రక్తం ఎలా అందుతోంది అన్నవన్నీ లెక్కలోకొచ్చాయి. ఎంత కోయాలన్న వాదన పక్కకు జరిగి, ఎలా కలపాలన్నది ముందుకొచ్చింది.

ఈ కథలో మన దేశం చేయి కూడా ఉంది, ఎవరూ పెద్దగా చెప్పుకోరు. పేగుల్లో టీబీ వచ్చి ఇరుకైన రోగులు మన ఆసుపత్రుల్లో ఎప్పుడూ ఉండేవాళ్లే. ఇప్పటికీ హైదరాబాద్‌లోనో విశాఖలోనో డాక్టర్‌కు క్రోన్స్‌నూ పేగు టీబీనీ విడదీయడం తలనొప్పే. భారతీయ సర్జన్లు కటారియా, ఆయన సహచరులు అలాంటి టీబీ రోగులకు చేసే తమ పద్ధతిని 1977లో ఒక బ్రిటిష్ పత్రికలో రాశారు. ఇరుకైన చోట పేగును కోసి పారేయరు. నిలువునా చీల్చి, ఆ చీలికను అడ్డంగా కుడతారు. బిగుతైన చొక్కా చేతిని విప్పి దర్జీ వెడల్పు చేసినట్టే. పేగు పొడవు పోదు, దారి తెరుచుకుంటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఇమాన్యుయల్ లీ ఇదే క్రోన్స్ రోగులకు చేసి 1982లో ప్రచురించాడు. ఇరుకును వెడల్పు చేసే ఆపరేషన్‌గా అది ప్రపంచమంతా పాకింది.

అదే చీలిక, అదే అడ్డకుట్టు, మరింత మెలికతో జపాన్‌లో కనిపిస్తాయి. హొక్కాయిదో దీవిలో అసాహికావా వైద్య విశ్వవిద్యాలయ సర్జన్ తోరు కోనో 2003లో పేగు కొసలను కలిపే కొత్త అతుకు చేశాడు. జబ్బు తిరిగొచ్చినప్పుడు తరచు మెసెంటరీ వైపు, అంటే పేగును పొట్ట వెనుక గోడకు పట్టి ఉంచి రక్తనాళాలు మోసే పొర వైపు, మొదలవుతోంది. అందుకని కోనో రెండు మూసిన కొసలను ముందు ఒకదానికొకటి కుట్టి గోడలా నిలబెడతాడు. మెసెంటరీ అంచు ఆ గోడ వెనక్కి పోతుంది. దానికి ఎదురు వైపున రెండు పేగుల్లోనూ ఏడెనిమిది సెంటీమీటర్లు నిలువుగా చీల్చి, అడ్డంగా చేత్తో కుడతాడు. వెడల్పు ద్వారం వస్తుంది, తర్వాత కుంచించుకుపోకుండా వెనుక గోడ పట్టి ఉంచుతుంది. 2011లో తన రోగుల లెక్క చూపాడు: అయిదేళ్లలో అతుకు ఇరుకై మళ్లీ కత్తి పట్టాల్సి వచ్చింది పాత పద్ధతిలో 15 శాతం మందికి, కొత్తదానిలో ఎవరికీ కాదు. పాత రోగులతో పోల్చిన లెక్క గనుక అనుమానించాలి. అనుమానించినవాళ్లు నేపుల్స్‌లో లాటరీ పద్ధతిన 79 మందితో ప్రయోగం చేశారు. 2020లో ఫలితాలొచ్చాయి. ఆరు నెలలకు జబ్బు తిరగబెట్టినట్టు కెమెరాలో కనిపించింది స్టేప్లర్‌తో పక్కపక్కన కలిపిన వాళ్లలో దాదాపు 63 శాతం మందికి, కోనో అతుకులో 22 శాతం మందికి. తేడా పెద్దది. 79 మంది అనేది మాత్రం చిన్న సంఖ్య.

ఐర్లాండ్‌లోని లిమెరిక్‌లో కాల్విన్ కాఫీ మరోవైపు నడిచాడు. మెసెంటరీయే దోషి అయితే దాన్ని దాచడం ఎందుకు, పేగుతో పాటు తీసేద్దామన్నాడు. 2018లో ఆయన చూపిన సంఖ్యలు కళ్లు చెదిరేవి: మళ్లీ ఆపరేషన్ పడినవాళ్లు 40 శాతం నుంచి మూడు శాతానికి దిగారు. అవీ పాత రోగులతో పోల్చినవే. స్పైసీ అనే యూరప్ ప్రయోగం లాటరీ పద్ధతిలో దీన్ని పరీక్షించి 2024లో తేల్చింది. మెసెంటరీని విస్తారంగా తీసినా, పేగు దగ్గరగా కత్తిరించినా, ఆరు నెలలకు జబ్బు తిరగబెట్టినట్టు కెమెరాలో కనిపించినవాళ్లు దాదాపు సమానమే. పాత రోగులతో పోల్చిన లెక్కను లాటరీ ప్రయోగం ఇలా ఎన్నిసార్లు కొట్టేసిందో చూశాక, కోనో అతుకుకు కూడా ఇంకొన్ని పెద్ద ప్రయోగాలు దాటే దాకా పూర్తి మార్కులు వేయబుద్ధి కాదు. ఆ అతుకు చేత్తో వేయాలి, సమయం పడుతుంది, నేర్చుకోవాలి. స్టేప్లర్ అయితే నిమిషాల పని.

అతుకు ఏదైనా, రోగి చేతిలో ఉన్నవి రెండు. పొగ మానడం ఒకటి. పొగ తాగేవాళ్లకు తిరగబెట్టే ముప్పు దాదాపు రెట్టింపు. రెండోది ఆరో నెల కొలనోస్కోపీ. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైద్యులు 2015లో చూపిన ప్రకారం, ఆపరేషన్ తర్వాత ఆరో నెలలో కుట్టును కెమెరాతో చూసి, మంట ఉంటే అప్పుడే మందు పెంచినవాళ్లలో ఏడాదిన్నరకు జబ్బు తక్కువగా తిరగబెట్టింది. మన దగ్గర చాలామంది ఆ తేదీకి రారు. ఒంట్లో బాగుంది, బరువు పెరిగాను, ఖర్చెందుకు అంటారు. రుట్‌గీర్ట్స్ తన గొట్టంలోంచి చూసిన పుండ్లు కూడా ఒంట్లో బాగున్నవాళ్లవే.