నిప్పురవ్వకు కట్టిన గోడలు: స్పార్క్ ప్లగ్గు, కాయిల్ బూటుల చరిత్ర

పెట్రోలు ఇంజన్‌లో పిస్టన్ పైకి నొక్కిన ఇంధనం, గాలి మిశ్రమాన్ని సరైన క్షణంలో అంటించేది స్పార్క్ ప్లగ్గు. దాని కొనన ఉండే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండే ఎడాన్ని, అంటే మెకానిక్కులు గ్యాప్ అని పిలిచే ఖాళీని, విద్యుత్తు దూకి దాటినప్పుడు రవ్వ పుడుతుంది. ఈ రవ్వను పుట్టించడం పందొమ్మిదో శతాబ్దపు శాస్త్రజ్ఞులకు అంత కష్టమేమీ కాలేదు; వేల వోల్టుల విద్యుత్తు దారి తప్పి ఇంజన్ లోహంలోకి జారిపోకుండా ఆపడమే కష్టమైంది. కనుక స్పార్క్ ప్లగ్గు చరిత్రను రవ్వ చరిత్రగా కాక, రవ్వను దారిలో నిలిపే బంధకాల, అంటే విద్యుత్తును తమగుండా పోనివ్వని పదార్థాల చరిత్రగా చదవడమే సబబు. ప్లగ్గులు మార్చే పని తరతరానికీ ఎందుకు మారుతూ వచ్చిందో అప్పుడే బోధపడుతుంది.

1860లో పారిస్‌లో ఎతియెన్ లెన్వార్ పేటెంటు పొందిన గ్యాస్ ఇంజన్‌లో పింగాణీ బంధకం గల విద్యుత్ ప్లగ్గు ఉంది. వోల్టేజి పెంచడానికి ఆయన రూమ్‌కోర్ఫ్ కాయిల్‌ను వాడాడు. ఒకే ఇనుప కడ్డీ చుట్టూ లావు తీగను కొద్ది చుట్లు, సన్నని తీగను వేల చుట్లు చుట్టి, లావు తీగలోని ప్రవాహాన్ని ఠక్కున తెంచితే సన్నని తీగలో అధిక వోల్టేజి పుడుతుందన్నది ఆ కాయిల్ సూత్రం, నేటి కారు కాయిల్‌కూ అదే ఆధారం. అయినా ఆనాటి విద్యుత్ పరికరాల మీద అందరికీ నమ్మకం కుదరలేదు. గాట్లీబ్ డైమ్లర్ బయటినుంచి మంటతో ఎర్రగా కాల్చిన గొట్టంతో మిశ్రమాన్ని అంటించే పద్ధతిని ఎంచుకోగా, కార్ల్ బెంజ్ మాత్రం 1886లో పేటెంటు పొందిన తన మూడు చక్రాల కారుకు కాయిల్, ప్లగ్గులనే అమర్చాడు. 1902లో స్టట్‌గార్ట్‌లోని రాబర్ట్ బాష్ సంస్థలో గాట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, అంటే ఇంజన్ తిరుగుతున్నప్పుడు అయస్కాంతం సాయంతో తానే విద్యుత్తు పుట్టించే యంత్రాన్ని, దానికి తగిన ప్లగ్గుతో సహా రూపొందించాక ఆ సంశయం తీరింది.

కానీ పింగాణీకి వేడిలో పగిలే గుణం ఉంది. విమాన ఇంజన్లలో, పందెం కార్లలో ఆ బలహీనత ప్రమాదకరమై, తయారీదారులు అభ్రకం వైపు, అంటే తెలుగువారు కాకిబంగారం అని పిలిచే ఖనిజం వైపు మళ్లారు. పలుచని రేకులను ఎలక్ట్రోడ్ కడ్డీకి చుట్టి, వాటిపైన అభ్రకపు బిళ్లలను ఒకదానిమీద ఒకటి పేర్చి బిగించిన ప్లగ్గులను ఇంగ్లండులో పందెం కార్ల డ్రైవరు కెనెల్మ్ లీ గిన్నెస్ నెలకొల్పిన కేఎల్‌జీ సంస్థ ప్రసిద్ధికి తెచ్చింది. ఆ కాలంలో ప్రపంచపు విద్యుత్ పరిశ్రమకు అభ్రకాన్ని పంపిన ప్రధాన దేశాల్లో భారతదేశం ఒకటి. కోడెర్మాతో పాటు అప్పటి నెల్లూరు జిల్లాలోని గూడూరు, రాపూరు ప్రాంతాల గనులు అందుకు పేరుపొందాయి. రేకును రేకు నుంచి కత్తితో విడదీసే ఆ పనివారి నేర్పు మోటారు చరిత్రలో నమోదు కావలసినంతగా కాలేదు. ఇంజన్ కొట్టుకోకుండా పెట్రోలులో సీసం కలపడం మొదలయ్యాక, ఆ సీసపు సమ్మేళనాలు వేడిలో అభ్రకాన్ని తినేయసాగాయి. 1930లలో అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడు పొడిని అత్యధిక ఉష్ణోగ్రతలో గట్టిపరచిన తెల్లని సిరామిక్, దాని స్థానాన్ని ఆక్రమించడం మొదలుపెట్టి, నేటికీ అక్కడే ఉంది.

ఈలోగా చార్లెస్ కెటరింగ్ 1910 నాటి కాడిలాక్ కార్ల కోసం రూపొందించిన పద్ధతి మరో అరవై ఏళ్లకు పైగా రాజ్యమేలింది. ఒకే కాయిల్, ప్రవాహాన్ని తెంచే పాయింట్లు, ఒక్కొక్క ప్లగ్గుకు వరుసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, దాని నుంచి బయల్దేరే రబ్బరు తొడుగు వైర్లు అందులోని భాగాలు. భారతదేశంలో 1951లో స్థాపితమైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ స్పార్క్ ప్లగ్గులను దేశీయంగా తయారు చేయడంతో మైకో అన్న దాని పొట్టిపేరు తెలుగు పట్టణాల మెకానిక్ షెడ్లలో సైతం సుపరిచితమైంది. అంబాసిడర్, ఫియట్ కార్ల కాలంలో ప్లగ్గు మార్చడమంటే ముందుగా దాన్ని చదవడం. ప్లగ్ పానాతో విప్పిన ప్లగ్గు ముక్కు లేత గోధుమరంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు, పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, సున్నంలా తెల్లబడితే వేడి మించినట్టు ఫిట్టరు గ్రహించేవాడు. ఇనుప బ్రష్షుతో రుద్ది, ఫీలర్ గేజ్ రేకు దూర్చి గ్యాప్ సరిచేసి, మళ్లీ బిగించేవాడు. వైరు పగిలిందన్న అనుమానం వస్తే రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి చూసేవారు, పగులు వెంట నీలిరంగు మెరుపులు పాకేవి.

2000లో సీసం కలిపిన పెట్రోలు దేశమంతటా ఆగిపోవడం, ప్లాటినం, ఇరిడియం వంటి అరుగుదల తక్కువైన లోహాలు ఎలక్ట్రోడ్ల కొనలకు చేరడం వల్ల లక్ష కిలోమీటర్ల దాకా మన్నే ప్లగ్గులు వచ్చాయి. ఈ సన్నని కొనలను ఇనుప బ్రష్షు పాడుచేస్తుంది కనుక పాత విద్య ఇక్కడ పనికిరాదు. అదే కాలంలో డిస్ట్రిబ్యూటర్, వైర్లు తొలగిపోయి, ప్రతి ప్లగ్గు మీదా ఒక కాయిల్ నేరుగా కూర్చుంది. కాయిల్‌ను ప్లగ్గుతో కలిపే సిలికోన్ రబ్బరు గొట్టమే బూటు. లోపలి స్ప్రింగు కరెంటును మోస్తుంది, చుట్టూ ఉన్న రబ్బరు దాన్ని పక్కకు పోనివ్వదు. గోడ బాధ్యత సిరామిక్‌తో పాటు ఈ రబ్బరు మీద కూడా పడింది. అయితే ఇంజన్ తలలోని లోతైన బావిలో ఏళ్ల తరబడి ఉడికే రబ్బరు గట్టిపడి చీలుతుంది. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ నుంచి ఆయిలు కారితే ఉబ్బి మెత్తబడుతుంది.

ప్లగ్గుతో పాటు బూటును కూడా మార్చమనడానికి అసలు కారణం ఇదే. ప్లగ్గు అరిగేకొద్దీ గ్యాప్ పెరుగుతుంది, పెరిగిన గ్యాప్ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి, ఆ ఒత్తిడి చీలిన బూటు గుండా దగ్గరి దారి వెతుక్కుంటుంది. అలా ఒకసారి పారిన చోట తెల్లని సిరామిక్ మీద సన్నని నల్లగీత, అంటే బొగ్గు చార మిగిలి, తరువాతి కరెంటుకు అదే బాట అవుతుంది. కొత్త ప్లగ్గు వేసినా పాత బూటే ఉంచితే మిస్సింగ్, అంటే రవ్వ తప్పి మిశ్రమం అంటుకోకపోవడం, తగ్గకపోవచ్చు. మిస్సింగ్‌లో కాలని పెట్రోలు పొగగొట్టంలోని కాటలిటిక్ కన్వర్టరుకు చేరి దాన్నీ చెడగొడుతుంది. నేటి పద్ధతి ప్రకారం అల్యూమినియం మరలు చెడకుండా ఇంజన్‌ను చల్లారనిచ్చి, బావిలోని దుమ్మును గాలితో ఊది, బూటును కొద్దిగా తిప్పి వదులుచేసి లాగుతారు. కొత్త ప్లగ్గును మొదట చేత్తోనే మరలోకి ఎక్కించి, ఆపై టార్క్ రెంచితో నిర్ణీత బలానికి బిగిస్తారు. కరెంటును పోనివ్వని గ్రీజును బూటు అంచు లోపల పలుచగా పూయడం, తేమ చేరకుండా, మళ్లీ విప్పేటప్పుడు రబ్బరు అతుక్కోకుండా కాపాడుతుంది.

సీఎన్‌జీ వాడకం ఈ పాత సమస్యను మళ్లీ ముందుకు తెచ్చింది. గ్యాస్ మిశ్రమంలో రవ్వ దూకడానికి పెట్రోలు కన్నా ఎక్కువ వోల్టేజి అవసరం కనుక, విజయవాడ, హైదరాబాదు వంటి నగరాల్లో గ్యాస్ మీద రోజంతా తిరిగే టాక్సీలలో ప్లగ్గులనూ బూట్లనూ పెట్రోలు కార్లకన్నా ముందుగానే పరీక్షించవలసి వస్తోంది.